అరకు సంతలో నలభై రూపాయల బేరం: పరాయి ఊళ్లో ఆ ఊరి భోజనం వెతుక్కోవడం ఎలా?



పై వీడియోలో మీరు చూసింది మేం జనవరి నెలాఖరులో అరకు వెళ్లొచ్చిన సంగతులు. పన్నెండు నిమిషాల వీడియో. అందులో కొండలున్నాయి, కాఫీ తోటలున్నాయి, సామల అన్నం ఉంది. ఒక్క సంగతి మాత్రం లేదు. సంతలో తీసిన రెండు నిమిషాల ముక్క మా మేనల్లుడు తీసేశాడు. తీసెయ్యమని చెప్పింది నేనే. తీరా అది తీసేశాక మనసు ఊరుకోలేదు. అందుకే ఇది రాస్తున్నా. పనిలో పనిగా, కొత్త ఊరికి వెళ్లినప్పుడు తక్కువ ఖర్చులో ఆ ఊరి మనుషులు తినే తిండి ఎలా దొరకబుచ్చుకోవాలో మాకు అనుభవమైనంత వరకు చెబుతాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మూడెకరాల మాగాణి. ఎనిమిదేళ్లుగా ఘనజీవామృతం, ద్రవజీవామృతం తప్ప బస్తా ఎరువు చేలోకి పోనివ్వలేదు. నవార, బహురూపి, మైసూరు మల్లిగ పండిస్తాం. ఈ ఏడు కోతలయ్యి, మినుము మొలిచి, ధాన్యం ఇంటికి చేరాక ఒక వారం తీరిక దొరికింది. నేను, మా ఆవిడ, పక్కింటి బాబాయి, ఫోన్‌తో వీడియోలు తీసే మా మేనల్లుడు. నలుగురం రాత్రి రైలెక్కి తెల్లారేసరికి విశాఖలో దిగాం.

విశాఖ నుంచి అరకుకి పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలుంది. ఏడు కొట్టకముందే బయల్దేరుతుంది. అద్దాల బోగీ కూడా ఉంది గానీ మేం మామూలు బోగీలోనే ఎక్కాం. కిటికీలోంచి గాలి రావాలి కదా. దారిలో సొరంగాలు లెక్కపెట్టే పని బాబాయి తీసుకున్నాడు. మొత్తం 58 అని ముందే ఎవరో చెప్పారు. ఇరవై దాకా లెక్కపెట్టి నిద్రపోయాడు.

అరకులో దిగేసరికి ఆకలి దంచేస్తోంది. స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్తుంటే రోడ్డు పొడవునా బోర్డులే. ఆంధ్రా మీల్స్, ధమ్ బిర్యానీ, నార్త్ ఇండియన్, చైనీస్, తందూరి. ఒక పెద్ద హోటల్లో కూర్చున్నాం. భోజనం నూట ఎనభై. తెల్లటి అన్నం, సాంబారు, బంగాళాదుంప వేపుడు, క్యాబేజీ కూర, అప్పడం. బాబాయి నాలుగు మెతుకులు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఒరే అబ్బాయ్, ఇది మన బీపీటీ కదరా!" అన్నాడు.

నిజమే. సాంబ మసూరి. మా ప్రాంతంలోనే ఉన్న బాపట్ల పరిశోధనా కేంద్రంలో పుట్టి, 1986లో విడుదలైన బీపీటీ 5204. మా చుట్టుపక్కల ఎటు చూసినా అదే వరి. కృష్ణా డెల్టాదో, గోదావరి డెల్టాదో గానీ పాలిష్ పట్టించుకుని, లారీలెక్కి, ఘాట్ రోడ్డు మీదుగా మాకంటే ముందే కొండెక్కి కూర్చుంది. తిండిలో ఏ లోపమూ లేదు. వేడిగా ఉంది, శుభ్రంగా ఉంది. కాకపోతే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా వచ్చి మా ఊరి అన్నమే తిని, ఏడు వందల ఇరవై రూపాయలు ఇచ్చి బయటికొచ్చాం.

మధ్యాహ్నం గిరిజన మ్యూజియం చూశాం. వాళ్ల ఇళ్లు, వంట సామాను, వేట పనిముట్లు చక్కగా అమర్చారు. మా ఆవిడ ఆ వంట సామాను దగ్గర చాలాసేపు నిలబడింది. "గిన్నెలు ఇక్కడున్నయ్. వీటిలో వండేదేంటో మాత్రం ఊళ్లో ఒక్క బోర్డు మీదా లేదు" అంది.

ఆ సాయంత్రం బొంగు చికెన్ సంగతి కూడా తేలిపోయింది. అరకు వెళ్లినవాళ్లెవరైనా ముందు అడిగేది అదే. అసలు పద్ధతి చాలా మంచిది. కోడిమాంసానికి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె అక్కర్లేదు. వెదురులోని తేమకే మాంసం ఉడుకుతుంది, ఆ వాసన ముక్కకు పడుతుంది. పచ్చి బొంగే ఎందుకంటే ఎండుది మాంసం కంటే ముందు అదే కాలిపోతుంది. మేం ఆగిన బండి దగ్గర బొంగులు పొద్దుటినుంచీ కాలి నల్లగా వరసలో నిలబడి ఉన్నాయి. అడిగిన వెంటనే ఒకటి వేడిచేసి పగలగొట్టి పెట్టాడు. బ్రాయిలర్ ముక్కలు, చేతికంటే ఎర్ర రంగు, ఎముక దగ్గర పచ్చి. రాత్రంతా బాబాయి కడుపు పట్టుకుని కూర్చున్నాడు. అందుకని నేను చెప్పేది ఒకటే: మీ కళ్లముందు కూరి కాలుస్తానంటేనే తినండి. ముప్పావు గంట పడుతుంది. "ఐదు నిమిషాల్లో ఇస్తా" అన్నాడంటే నిన్నటిదని అర్థం.

మర్నాడు సంత.

ఏజెన్సీలో వారానికో రోజు ఒక్కో ఊళ్లో సంత. మీరు వెళ్లేముందే ఏ ఊళ్లో ఏ రోజో కనుక్కుని దాన్నిబట్టి ప్రయాణం పెట్టుకోండి, రైలు టికెట్ కంటే ముందు ఆ పని చెయ్యండి. ఎందుకంటే ఆ ప్రాంతంలో ఆ నెలలో ఏం పండిందో సంతలో తెలిసినంత ఇంకెక్కడా తెలియదు. మేం వెళ్లేసరికి కొండల మీంచి దిగినవాళ్లు గుడ్డలు పరిచి కుప్పలు పోసుకుంటున్నారు. చిక్కుళ్లు, పచ్చి కందికాయలు, గుమ్మడికాయలు, అల్లం, ఎండు మిరప, చింతపండు, రాజ్మా, నల్లటి వలిసెలు, సామలు, చోళ్లు. మనం రాగులు అనేవి ఉత్తరాంధ్రలో చోళ్లు. సజ్జల్ని గంటెలు అంటారు. తెలంగాణ వెళ్తే అవే రాగులు తైదలవుతాయి. ఈ పేర్లు ముందే తెలుసుకోవడం మంచిది. "రాగి సంగటి దొరుకుతుందా?" అని సీమలో అడిగినట్టు అరకులో అడిగితే లేదంటారు. చోడి అంబలి అనండి, వెంటనే చెయ్యి చూపిస్తారు.

అలా చెయ్యి చూపించిన వైపు వెళ్తే ఒక పెద్దావిడ అల్యూమినియం గుండిగ ముందు పెట్టుకుని కూర్చుంది. పక్కన అడ్డాకు డొప్పలు, ఉల్లిపాయలు, కాల్చిన ఎండు మిరపకాయలు. చుట్టూ మోత దించినవాళ్లు, మేకలు తెచ్చినవాళ్లు నిలబడే తాగుతున్నారు. సంతకొచ్చిన యాత్రికులెవరూ అటు రావడం లేదు. నాకు లోపల పండగే. సరిగ్గా ఇదే కదా మనం వెతుకుతున్నది అనుకున్నా.

"డొప్ప ఎంత?" అన్నాను. ఆమెకు తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. అక్కడివాళ్లు ఎక్కువగా ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు చూపించింది. ఇరవై.

నేను, "నలుగురం ఉన్నాం. పది చేసుకో అమ్మా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ముందురోజు ఏడు వందల ఇరవై నోరెత్తకుండా ఇచ్చినవాణ్ణే. అలవాటు అంతే. నేల మీద కూర్చుని అమ్మేవాళ్లను చూస్తే నోరు దానంతటదే బేరం మొదలుపెడుతుంది. ఆమె నావైపు చూసింది, తర్వాత మావాడి ఫోన్‌వైపు చూసింది. ఏమీ అనకుండా నాలుగు డొప్పలూ నిండా పోసింది. నలభై ఇచ్చాను. చల్లగా, కొద్దిగా పులుపు తగులుతూ, అడుగున నూకలతో, అంత మంచి అంబలి నేను ఈ మధ్య తాగలేదు. ఇంకో డొప్ప కూడా అడిగి తాగాను, అది కూడా పదికే.

మా ఆవిడ అప్పుడేం మాట్లాడలేదు. రాత్రి గదికి వెళ్లాక రైలు టికెట్ వెనక లెక్కలు వేసింది. 2025-26 సీజన్‌కు రాగులకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. అంటే కిలో నలభై తొమ్మిది కూడా లేదు. అదీ ఆ ధరకు కొనేవాడుంటే. కిలో చోడిపిండికి ఇరవై డొప్పల అంబలి వస్తుందనుకుందాం. డొప్ప ఇరవై చొప్పున నాలుగు వందలు. అందులోంచి నూకలు, కట్టెలు, ముందురోజు పిండి పులియబెట్టి తెల్లవారుజామున కాచిన పని, గుండిగ నెత్తిన పెట్టుకుని కొండ దిగిన నడక తీసెయ్యాలి. అయినా గింజలమ్మితే వచ్చేదానికి ఎన్నో రెట్లు. "మీరు ప్రతి మీటింగులో చెప్పే విలువ జోడింపు ఇదే కదా? ఆవిడ చేసి చూపిస్తే సగం కోసేశారు" అంది.

నేను మాట్లాడలేదు. ఏం మాట్లాడతాను? గత ఏడాది గుంటూరులో దేశవాళీ బియ్యం స్టాల్ పెట్టినప్పుడు కారు దిగొచ్చిన ఒకాయన, నవార బియ్యం కిలోకి ఇరవై తగ్గించమని పావుగంట వాదించాడు. ఆయన వెళ్లిపోయాక మా ఇద్దరికీ తిండి సహించలేదు. కలుపు తీసిన కూలీ ఎంతో, దిగుబడి ఎంత తగ్గిందో ఆయనకు ఎలా చెప్పాలి అని రాత్రంతా మథనపడ్డాం. ఇప్పుడు ఆ కారాయన్ని నేనే.

పొద్దున్నే ఆటో అతన్ని అడిగాను, ఆవిడ ఎక్కడుంటుంది, మిగతా డబ్బులు అందజేస్తావా అని. "సంతలో అంబలోళ్లు శానామంది ఉంటారన్నా. ఎవరని ఇచ్చేది? మళ్లీ సంతకి రండి, మీరే ఇద్దురు" అన్నాడు. ఆ యాభై ఇంకా నా దగ్గరే ఉంది.

కానీ ఆ ఆటో అతనే మాకు అసలు దారి చూపించాడు. రైతులమని, మందులెయ్యకుండా పండిస్తామని చెప్తే, "మా అత్తోళ్లు కూడా అంతే, ఆళ్లకి మందులు కొనే డబ్బులేవీ" అని నవ్వాడు. వాళ్లింట్లో తినాలని ఉందని, వాళ్లు రోజూ తినేదే పెట్టమని, కొత్తగా ఏమీ చెయ్యొద్దని అడిగాం. ఫోన్ చేసి మాట్లాడి, "రేపు మద్దినం రమ్మంది. ఇయ్యాల కాదు" అన్నాడు.

ఈ 'ఇయ్యాల కాదు' అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఊరివాళ్ల తిండి కావాలంటే ముందురోజే చెప్పాలి. సామలు దంచాలి, పప్పు విసరాలి, కట్టెలు తేవాలి. అప్పటికప్పుడు దొరికేది ఎక్కడైనా ఫ్రిజ్‌లోంచి వచ్చేదే. ముందు చెప్పకుండా ఎవరింటికైనా వెళ్లి కూర్చుంటే వాళ్లు కాదనలేరు, కానీ మీరు తినేది వాళ్ల పిల్లల రాత్రి కూడు అవుతుంది.

పాడేరు దారిలో లోపలికి వెళ్లాలి ఆ ఊరు. ఇంటి వెనక వాలులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, చెట్లకు పాకిన మిరియం, మధ్యలో పనస. జీవామృతం డ్రమ్ము కనిపించేసరికి బాబాయి మొహం వికసించింది. ఆ పక్క ప్రకృతి వ్యవసాయం పనులు బాగానే సాగుతున్నాయి. పంటల సంగతి వీడియోలో చూశారు కాబట్టి మళ్లీ చెప్పను, తిండి దగ్గరికి వస్తా.

అడ్డాకు విస్తర్లు. సామల అన్నం, పొడిపొడిగా కాకుండా కాస్త మెత్తగా. కందిపప్పులో చింతపండు, ఎండు మిరప, అంతే. చిక్కుడు గింజల కూర. వలిసెలు వేయించి ఉప్పు, మిరప, వెల్లుల్లితో నూరిన పచ్చడి. వలిసెలంటే అక్టోబరు, నవంబరుల్లో అరకు వెళ్లినవాళ్లు ఫొటోలు దిగే ఆ పసుపుపూల చేలవే. ఫొటోలు లక్షల్లో ఉంటాయి, ఆ గింజ నోట్లో పెట్టుకున్నవాళ్లు ఎంతమందో. నువ్వుల కంటే కాస్త ఘాటు. ఆ పచ్చడితోనే నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నా. బాబాయి కోసం నాటుకోడి పులుసు అడిగాం. అది వాళ్ల పెరట్లో తిరిగిన కోడే. చివర్లో మజ్జిగ లేదు. పాడి తక్కువ. అంబలి ఇచ్చారు.

మా ఆవిడ వంటింట్లోనే కూర్చుంది. పచ్చడి ఎలా నూరారో చూసి, ఒక శేరు వలిసెలు కొనుక్కుంది. కాఫీ తాగుతారా అని అడిగితే ఆ ఇంటామె నవ్వి, పండ్లన్నీ అమ్మేస్తామని, తాము తాగేది టీ అని చెప్పింది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ డబ్బా పట్నంలో ఎంత ధర పలుకుతుందో మీకు తెలుసు. మా ఊళ్లో కూడా నవార పండించే ఇద్దరు రైతులు ఇంట్లోకి కంట్రోలు బియ్యమే వండుకుంటారు. ఆ మాట పైకి అనలేదు గానీ గుర్తొచ్చింది.

చేతులు కడుక్కుని, ఎంత ఇవ్వాలమ్మా అని అడిగాం. "మీ ఇష్టం బాబూ" అంది.

ప్రయాణాల్లో 'మీ ఇష్టం' అన్నంత కష్టమైన రేటు ఇంకోటి లేదు. మా చేను చూడ్డానికి వచ్చేవాళ్లకు మేమూ ఇదే మాట చెబుతుంటాం. వాళ్లు సంచిలోకి వంకాయలు, నాలుగు నిమ్మకాయలు కూడా వేసుకుని, "చాలా బాగుందండీ, మళ్లీ వస్తాం" అని బండెక్కుతారు. మొహమాటం మాది, లాభం వాళ్లది. కాబట్టి ఇక్కడ అటువైపు నిలబడి ఏం చెయ్యాలో తెలియలేదు. ఆటో అతన్ని అడిగితే "వందేసి ఇచ్చీండి చాలు" అన్నాడు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆమె లెక్క ఇదీ: ఆ ఊళ్లో హోటల్ భోజనం ఎంతుందో అంతకు రూపాయి తగ్గకూడదు. కోడి విడిగా, సంతలో దాని ధర ఎంతో అంత. నూట ఎనభై చొప్పున నలుగురికి ఏడు వందల ఇరవై, కోడికి ఐదు వందలు. పన్నెండు వందల ఇరవై. ఆటో అతనికి వచ్చిపోయే బాడుగ వేరే. కోడి లేకుండా తింటే మొదటిరోజు హోటల్ బిల్లు అంతే. అదే డబ్బు, కానీ ఈసారి మధ్యలో ఎవరూ లేరు. పండించినామె చేతిలోనే పడింది. ఆ ఇంటామె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, ఎక్కువైందని వంద వెనక్కివ్వబోయింది. తీసుకోలేదు.

మరి చౌక ఎక్కడ అని మీరు అడగొచ్చు. చౌక ఉంది. అంబలి ఇరవై. సంతలో ఉడకబెట్టిన కందికాయలు దోసెడు పది. రెండో రోజు మేం నలుగురం అంబలి, కందికాయలు, పొయ్యి మీద కాల్చిన చిలగడదుంపలతోనే పొద్దు పుచ్చాం. నలుగురికీ కలిపి రెండు వందలు దాటలేదు, రాత్రి దాకా ఆకలి లేదు. ఆ ఊళ్లో కష్టం చేసేవాళ్లు ఏం తిని పనికెళ్తారో అదెప్పుడూ చౌకే. యాత్రికుడి కోసం వండిందే ఖరీదు. ఇది ఏ ఊరికైనా పనికొచ్చే మాట. పట్నాల్లో సంత ఉండదు కాబట్టి తెల్లారగట్ల రైతు బజారుకి వెళ్లండి. 1999 నుంచి ఉన్నాయి, పెద్ద ఊళ్లలో రెండు మూడైనా ఉంటాయి. ఒక ఆకుకూర తెలియకపోతే అమ్మేవాళ్లనే "దీన్ని మీరెలా వండుతారు?" అని అడగండి. తర్వాత "ఇది వండి పెట్టేవాళ్లెవరన్నా ఉన్నారా ఇక్కడ?" అనండి. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే మీ చొక్కా చూసి ఏసీ హోటల్ చూపిస్తారు. ఆ మాట మాత్రం అడక్కండి. బజారు బయట మూటలు మోసేవాళ్లు, ఆటోలవాళ్లు ఏ బండి చుట్టూ మూగారో చూసి అక్కడే తినండి. పన్నెండున్నరకల్లా వెళ్లాలి. ఒక్కసారి వండేవాళ్ల దగ్గర రెండు దాటాక గిన్నెలు కడుగుతుంటారు. అలా కడిగే చోటే మంచి చోటు.

నీళ్ల సంగతి మాత్రం మొహమాటపడకండి. మేం కాచిన నీళ్లు సీసాల్లో పోసుకెళ్లాం. బాబాయి ఆ బొంగు చికెన్‌కి తప్ప ఇంక దేనికీ ఇబ్బంది పడలేదు.

తిరుగు ప్రయాణం పాడేరు మీదుగా ఘాట్ దిగి మాడుగుల, చోడవరం, అనకాపల్లి. మాడుగులలో హల్వా తిన్నాం. గోధుమల్ని నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నేతితో గంటలకొద్దీ కలిపి చేస్తారు. వందేళ్లకు పైబడిన పేరు దానిది. నాకు తీపి మరీ ఎక్కువనిపించింది. మా మేనల్లుడు అరకిలో ఒక్కడే తిన్నాడు. అనకాపల్లి దగ్గర చెరకు గానుగలు ఆడుతున్నాయి. రోడ్డు పక్కన బెల్లం వండే చోట ఆగి, పెనంలోంచి తీసిన వేడి పాకం ఆకులో పోయించుకుని నాకాం. తెల్లగా మెరిసే బెల్లం కావాలంటే హైడ్రోస్ పడుతుంది, అది మనవాళ్లకు చెప్పక్కర్లేదు. నల్లగా ఉన్న దిమ్మలు రెండు కొన్నాం. అడిగిన రేటే ఇచ్చాను. బాబాయి నా మొహంలోకి చూసి "ఏంట్రా, బేరం మర్చిపోయావా?" అన్నాడు.

ఇంటికొచ్చిన వారానికి హైదరాబాదు నుంచి ఒక కుటుంబం మా చేను చూడ్డానికి వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మధ్యాహ్నం పన్నెండయింది. "ఇక్కడ మీ ఊరి భోజనం ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగారు. నేను బైపాస్ వైపు చెయ్యెత్తబోయాను. అక్కడున్నది రెండు బిర్యానీ పాయింట్లు, ఒక ధాబా. ఎత్తిన చెయ్యి దించేశాను. అరకు హోటల్‌ని ఆడిపోసుకున్నాను గానీ, మా ఊళ్లోనూ బయటివాడికి దొరికేది అంతే. ఆ రోజుకి ఇంట్లో ఉన్నదే పెట్టాం. ఎంత అని అడిగితే నా నోట్లోంచి "మీ ఇష్టం" అని రాబోయింది. మా ఆవిడ లోపలినుంచి "నూట ఇరవై అండీ, పిల్లలకు అరవై" అని చెప్పేసింది. వాళ్లు హాయిగా ఇచ్చేశారు. ఇబ్బంది పడింది నేనొక్కణ్ణే.

అప్పట్నుంచి వరండాలో ఒక పలక వేలాడదీశాం. ముందురోజు సాయంత్రం ఆరింటికల్లా ఫోన్ చేసినవాళ్లకే వంట. పది మందికి మించి కాదు, ఎందుకంటే వండేది ఒక్క మనిషి, ఆమెకు చేలో పని కూడా ఉంది. రేటు మా ఆవిడే రాస్తుంది. ఎలా కట్టిందో కూడా కిందే రాసింది: బియ్యం, పప్పు మేం అమ్మే ధరకే లెక్క, కూరగాయలు రైతు బజారు ధరకి, గ్యాసు, ఆమె కూలి. కూలి లెక్క రాయొద్దని, బాగుండదని నేనన్నాను. "నాట్లకి వచ్చినవాళ్ల కూలి రాస్తారు, నాది రాస్తే బాగుండదా?" అంది. ఉంచాం.

ఇప్పటికి నాలుగు ఆదివారాలు నడిచింది. ఒక వారం ఎవరూ రాలేదు, ఒక వారం పద్నాలుగు మంది అడిగితే నలుగుర్ని కాదన్నాం. లాభమని చెప్పను గానీ, గింజగా అమ్మితే వచ్చేదానికంటే మెరుగ్గా ఉంది. మీలో ఎవరైనా చేను చూడ్డానికి వచ్చేవాళ్లకు భోజనం పెడుతుంటే మీ లెక్క ఎలా కడుతున్నారో చెప్పండి. మాకు పనికొస్తుంది. ఇంకో మాట, తీసేసిన ఆ సంత ముక్కని మళ్లీ వీడియోలో పెట్టమని మావాడికి చెప్పాను. ఆవిడ మొహం కనిపించకుండా, నా మొహం కనిపించేలా.

ఈ ఆదివారం పలక మీద: నవార అన్నం, తోటకూర పప్పు, పెరటి వంకాయ కూర, వలిసెల పచ్చడి (అరకు గింజలు అయిపోయేవరకే), గుమ్మడికాయ దప్పళం, మజ్జిగ.